దిగుగడప అమ్మవారు

పూర్వం సింగమనాయకుడు ఈ సీమను ఏలుతున్న కాలంలో, ఎర్రగుట్టమీద వెలసిన భైరవాంబ గుడికి దీపపు వత్తులు చేసి ఇచ్చే కామసాని అనే భక్తురాలు గుట్ట కింద పూరింట్లో ఉండేది. పసితనంలో వచ్చిన జ్వరం ఆమె కాళ్ళలోని సత్తువను తీసుకుపోయింది. ఆమె చేతి వత్తులు ప్రతి సాయంత్రమూ అమ్మవారి ముందు వెలిగేవి. ఆ వెలుగును మాత్రం ఆమె ఏడాదికొక్కసారి, కార్తీక పున్నమినాడే చూసేది.

నడవలేనివారిని పున్నమినాడు భుజాన మోసి మెట్లెక్కిస్తే మోసినవారికి పుణ్యమని ఆ ఊరి నమ్మకం. ఆనాడు "నా వంతు, నా వంతు" అంటూ పడుచువాళ్ళు ఆమెకోసం పోట్లాడుకునేవారు. పున్నమి దాటాక అడిగితే మాత్రం, "ఇప్పుడేం పండగని అక్కా? వచ్చే ఏడు నేనే మోస్తాగా" అని పనిమీద పోయేవారు.

వయసు మళ్ళేసరికి కామసానికి ఒక భయం పట్టుకుంది. వత్తి చేస్తూ కళ్ళు మూసుకుంటే ఇదివరకు అమ్మవారి ముఖం నిండుగా కనిపించేది. ఇప్పుడు కిరీటం కనిపిస్తే కళ్ళు గుర్తురావడం లేదు, కళ్ళు తలచుకుంటే పెదవులు చెరిగిపోతున్నాయి. ఆ దిగులుతో ఆమెకు ముద్ద దిగేది కాదు. సంగతి విన్న నాయకుడు, పున్నమికి పట్టుపరుపుల పల్లకి చేయించి పంపుతానని కబురు పెట్టాడు. "పల్లకి వద్దని కాదు నాయనా, పున్నమిదాకా నా తలలో అమ్మ ఉండొద్దూ?" అని ఆమె బదులు పంపింది.

ఒక మామూలు సాయంత్రం ఆమె వత్తుల బుట్ట మెడకు కట్టుకుని, మెట్లు వదిలి, మేకలు తప్ప ఎవరూ ఎక్కని వెనుకవైపు ఏటవాలు బండమీద, అరచేతులు వెనక్కి ఆనించి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెనక్కి జరుగుతూ ఎక్కసాగింది. పైన ప్రదక్షిణం చేస్తున్న ఆడవాళ్ళు చూసి నోళ్ళు నొక్కుకున్నారు.

"అయ్యో, అమ్మవారికి వీపు పెట్టి వస్తోందే! మతి పోయిందా దీనికి?"

"పోకముందే వస్తున్నా వదినా," అంది కామసాని రొప్పుతూ.

గుడి వాకిలికి మోకాలెత్తు రాతిగడప ఉండేది. మోసేవారు ఆమెను దానిమీదుగా చేతులు మార్చి లోపలికి అందించేవారు. అది దాటడం తనవల్ల కాదని ఎరిగి కూడా, "ఇక్కడిదాకా నేను వచ్చానమ్మా" అని తలచి, ఆమె గడపకోసం చేయి వెనక్కి చాచింది. అరచేతికి చల్లని నేల తగిలింది. ఇంకాస్త జరిగింది, ఇంకా నేలే. ఒళ్ళు తిప్పి చూసేసరికి, తన వత్తుల వెలుగులో, ఎడమ పెదవి అంచున చిన్న నవ్వుతో అమ్మవారు ఎదురుగా ఉంది. ఆ నవ్వునే ఆమె ఇన్నాళ్ళూ మరిచిపోయింది.

ఆమెను ఆపాలని పరుగెత్తుకొచ్చిన పూజారి విస్సయ్య అలవాటు చొప్పున కాలు ఎత్తివేసి, తూలి, ఆమె పక్కనే బోర్లాపడ్డాడు.

"మెల్లగా బాబయ్యా, గడప లేదు," అంది కామసాని, అమ్మవారి మీంచి చూపు తిప్పకుండానే.

ఆ సంగతి తెలిసిన నాయకుడు, పల్లకి పని మాన్పించి, రాతిపనివారిని పిలిపించి ఆ బండదారిని చదును చేయించాడు. ఆనాటినుంచి ఆ ఊరు దిగుగడప అయింది. ఇప్పటికీ ముసలివారూ నడవలేనివారూ తమకు తోచిన పూట ఆ దారిన ఎక్కి వస్తారు. కొందరు కూర్చుని వెనక్కి జరుగుతూ వచ్చినా వీపు పెట్టారని ఎవరూ అనరు. పసుపు కుంకుమలతో ఆ గడపరాయి నేలకు సమంగా నేటికీ కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవారు అలవాటుకొద్దీ అక్కడ కాలెత్తుతారు. "దించమ్మా, దించు, ఇక్కడ గడప ఎప్పుడో దిగిపోయింది" అని పక్కవారు నవ్వుతారు.