బండోడి కాలు, కెంచమ్మ పట్టు

అనగా అనగా ఒక కాలం. ఏ కాలమని అడక్కండి, చెప్పేవాళ్లకీ తెలీదు, విన్నవాళ్లకీ తెలీదు. ఆ కాలంలో కొండ కింద ఒక గొర్రెల దొడ్డి. ఆ దొడ్డిలో కెంచమ్మ అని ఒక ఒంటరిది. మొగుడు లేడు, బిడ్డల్లేరు. అందరి గొర్రెలకూ నీళ్లు మోసి, అందరిళ్లలో ఇంత సంగటి తిని బతికేది.

దొడ్డికి కాపలా ఒక కుక్క. మామూలు కుక్క కాదు నాయనా, దూడంత కుక్క. పేరు బండోడు. ఒకసారి తోడేళ్లు మంద మీద పడితే ఒక్కడే నిలబడి తరిమినాడు. ఆ పొద్దు నుంచి దొడ్డిలో ఒక కట్టు: ఏ ఇంట్లో సంగటి గెలికినా తొలిముద్ద బండోడికి. ఇన్ని గుడిసెల ముద్దలూ ఆ ఒక్క కడుపులోకే. బండోడు తిన్నాడు, బలిశాడు, ఒకనాడు పొద్దున్నే లేవబోయి కూలబడ్డాడు. వెనక కాలు నేలకు ఆనదు. తుంటి ముట్టుకుంటే మూలుగు.

ముల్లు గుచ్చుకుందని ఒకాయన పాదమంతా వెతికాడు. ముల్లు లేదు. దిష్టి తగిలిందని ఒకామె ఎండుమిరపకాయలు తీసి పొయ్యిలో వేసింది. ఘాటుకు దొడ్డంతా దగ్గింది, అంటే దిష్టీ లేదు. ఇక వాతే గతి అని దొడ్డిపెద్ద సిద్దప్ప కొడవలి కాల్చాడు.

కెంచమ్మ వచ్చి బండోడికి అడ్డంగా కూర్చుంది.

"ముందు నా కాలికి పెట్టు మామా. వాత కాలితో నేను చక్కగా నడిస్తే, అప్పుడు వాడికి పెడుదువు."

సిద్దప్ప కొడవలి దించాడు. మంచివాడే, కానీ మంద బరువు నెత్తిన ఉన్నవాడు. కొండ కింద మేత అయిపోయింది. పున్నమికి మంద ఏరు దాటి వలస పోవాలి. నడవలేనిది వెనకే ఉండిపోవాలి. వెనకున్నదాన్ని తోడేళ్లు చూసుకుంటాయి.

"నడవకపోతే ఏం జేస్తావే?" అన్నాడు.

"నడుస్తాడు మామా."

అనేసింది గానీ, ఎట్లా? మడుగులో కడవ ముంచుతూ ఆలోచించింది. నీళ్లలో ఉన్నంతసేపూ కడవ తేలిగ్గా ఉంది. పైకెత్తగానే చెయ్యి లాగింది. ఆమెకు అక్కడ తట్టింది. బండోణ్ణి నడుముకింద కంబళి వేసి ఎత్తి, మెల్లగా అదే మడుగులో దింపింది. నేల మీద ఆనని కాలు నీళ్లలో ఆడింది.

ఇక రోజూ నీళ్లలో నడక. గట్టుకు వచ్చాక వేడి ఇసుక మూటతో తుంటికి కాపడం. పడుకోను మెత్తటి కంబళి. మూడూ చేసింది గానీ అసలు కష్టం ఇంకొకటుంది. ఒంటి బరువు తగ్గాలి. అందరూ ముద్ద పెట్టమని గడప తొక్కుతారు, కెంచమ్మ ముద్ద పెట్టొద్దని గడప గడపా తొక్కింది.

జనం ఊరుకుంటారా? మందను కాచినోడి నోరు కట్టేస్తావా, ఉసురు తగలదా అన్నారు. అడుక్కుతినేదానికి పెత్తనమొకటా అని మూతి తిప్పారు.

"మీ ప్రేమంతా ఇన్నాళ్లూ వాడి కాళ్లే మోసినాయి అక్కా," అంది కెంచమ్మ. "ఇంక మోయలేవు."

అన్నీ విని కొందరు మానుకున్నారు. మానుకోనివాళ్ల వాకిట్లో తానే కాపలా కూర్చుంది.

పున్నమి వచ్చింది. మంద కదిలింది. బండోడూ కదిలాడు. కుంటుతూనే ఏటిదాకా వచ్చాడు. ఒడ్డున కూలబడ్డాడు.

"ఇంతేలే కెంచీ, వదిలెయ్," అన్నాడు సిద్దప్ప.

"నడుస్తాడు మామా."

మంద ఏరు దాటింది. ఆమె దాటలేదు. కంబళి వేసి బండోణ్ణి నీళ్లలోకి దింపి, పక్కన తానూ నడుములోతులో నిలబడింది. అవతలి గట్టు మీద సిద్దప్ప నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు. ఇంకో నాలుగు వేసి మళ్లీ చూశాడు. మూడోసారి మందను ఆపి, కర్ర నేలకు గుచ్చి కూర్చున్నాడు. వెంట ఉన్న కాపరులూ కూర్చున్నారు. గొర్రెలు ఆకలికి అరుస్తున్నాయి. ఎవరూ లేవలేదు.

పొద్దు వాలుతుండగా బండోడు తోక కదిలించాడు.

"పద నాయనా," అంది కెంచమ్మ.

వాడు నడిచాడు. నీళ్లలో నడిచాడు, ఇసుకలో నడిచాడు, మంద ముందుకొచ్చి నిలబడ్డాడు. కుంటు పోలేదు. ఆ కుంటుతోనే ఎన్నో వలసలు తిరిగాడు, నీళ్లు కనబడిన చోటల్లా మంద వాడి కోసం ఆగింది.

కెంచమ్మ పోయింది, బండోడూ పోయాడు. ఇప్పటికీ ఆ ఏటికి వస్తే కాపరులు ముందు కుక్కల్ని నీళ్లలో దింపుతారు. అవతల పచ్చిక కళ్లకు కనబడుతున్నా సరే, కూర్చుంటారు. ఎవరైనా తొందరపడి మందను అదిలించబోతే పెద్దవాళ్లు చెయ్యి పట్టి ఆపుతారు.

"ఉండప్పా. కెంచమ్మ ఇంకా పద అనలేదు."