గంట మోగని వైద్యశాల

ఒకానొక రాజ్యంలో ఏ పనికైనా చప్పుడుంటేనే విలువ. ఆ రాజ్యాన్నేలే రణకేసరి మహారాజుకి కొత్త ఆలోచన వచ్చినప్పుడల్లా కొలువులో విస్సన్నకి తలనొప్పి వచ్చేది. పేరుకి విస్సన్న ఉద్యోగం రాజుగారిని నవ్వించడం. అసలు పని మాత్రం రాజుగారి పొరపాట్లని రాజుగారి నోటితోనే దిద్దించడం. ఆ పని చేసి చేసి అతనికి జుట్టు నెరిసింది, ఓపిక సన్నగిల్లింది.

ఆ ఏడు రాజుగారు వైద్యశాలల మీద పడ్డారు. రోగం నయమైన ప్రతివాడూ వైద్యశాల గుమ్మానికి కట్టిన గంట కొట్టి మరీ ఇంటికెళ్ళాలన్నారు. గంట ఎక్కువ మోగిన చోటికి ధనం ఎక్కువ. మోగని చోటు మూసెయ్యడమే.

రాజధానిలో గంట ఊపిరి సలపకుండా మోగింది. మోగక ఏం చేస్తుంది, అక్కడ మురుగంతా తాగేనీళ్ళలోనే కలిసేది. గొల్లవంక అనే ఊళ్ళో మాత్రం గంటకి బూజు పట్టింది. అక్కడి వైద్యుడు వానలకి ముందే బావులు పూడిక తీయించి, నీళ్ళు కాచి తాగమని ఇంటింటికీ తిరిగి పోరేవాడు. మంత్రసాని కడుపుతో ఉన్నవాళ్ళని వారం వారం వెళ్ళి చూసొచ్చేది. జబ్బు పడేవాళ్ళే తక్కువ, ఇక గంట కొట్టేదెవరు?

“గొల్లవంక వైద్యశాల శుద్ధ దండగ. వచ్చే అమావాస్యకి మూసెయ్యండి,” అన్నారు రాజుగారు నిండుకొలువులో మీసం దువ్వుకుంటూ. “ధనం ఎక్కడ ఫలిస్తుందో మాకు తెలుసు.”

 విస్సన్న తన ఒక్కగానొక్క కూతురు మంగాయిని ఇచ్చింది ఆ ఊరికే. ఇప్పుడు నెలలు నిండి ఆ మంత్రసాని మీదే భారం వేసి ఉంది. ఎదురు చెబితే రాజుగారు వినరు. మళ్ళీ ఏదో ఒకటి పన్నాలి. ఎన్నాళ్ళిలా అనుకుని విసుగ్గా లేచాడు.

“తమ న్యాయం అందరికీ ఒకటేనా ప్రభూ?”

“అందరికీ. మా నగరుకి, ఈ రాజభవనానికి కూడా.”

“అయితే ముందు నగరు చక్కబెడతాను.”

రాజుగారు సంతోషంగా తలూపారు.

మర్నాడు మధ్యాహ్నం రాజుగారు భోజనానికి కూర్చున్నారు. గుత్తివంకాయ కూర, కాగిన నెయ్యి ఘుమఘుమలాడుతున్నాయి. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి ఆగిపోయారు. తండ్రిగారు విషాన్నం తిని పోయిన నాటి నుంచీ ఆ ఇంట్లో ప్రతి వంటకమూ ముందు బోడెయ్య అనేవాడు రుచి చూడాలి. ఇవాళ వాడు లేడు.

“బోడెయ్య ఏడీ?”

“ఉద్యోగం తీసేశాను ప్రభూ,” అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ విస్సన్న. “ఇన్నేళ్ళుగా రాజభోజనం తింటున్నాడు. ఒక్కసారైనా చచ్చాడా? నెయ్యి దండగ తప్ప వాడివల్ల ఫలితమేమీ కనబడలేదు.”

“తెలివితక్కువవాడా, వాడు తింటున్నాడనేగా ఎవడూ విషం కలపడానికి...”

తన మాట తన చెవిన పడి రాజుగారు ఆగిపోయారు.

“గొల్లవంకలోనూ అంతే ప్రభూ,” అన్నాడు విస్సన్న నీరసంగా. “రాని జబ్బుకి గంట ఎవరు కొడతారు?”

రాజుగారు కళ్ళు చిట్లించారు. “నీ కూతురు ఆ ఊళ్ళోనే ఉందటగా. అందుకా ఈ తంటా?”

“అందుకే. దాన్నంటే బండెక్కించి తెచ్చుకుంటాను. ఆ ఊళ్ళో మిగతా ఆడపిల్లల్ని ఏ బండిలో తెమ్మంటారు?”

రాజుగారు చేతిలోని ముద్దకేసి చూశారు. కడుపులో పేగులు అరిచాయి. ముందు చిన్నగా, తరవాత ముద్ద జారిపోయేలా పకపకా నవ్వారు.

“బోడెయ్యని పిలవండి, ఆకలి దంచేస్తోంది. గొల్లవంక వైద్యశాల జోలికి ఎవరూ పోవద్దు. ఆ వైద్యుడి చేత ఇక్కడివాళ్ళకి కూడా బావుల పని నేర్పించండి.” మెడలో హారం తీసి చాచారు. “ఇది నీకు.”

“మెడనొప్పి ప్రభూ, బరువు మొయ్యలేను. మంగాయి పురుడయ్యేదాకా సెలవిప్పించండి చాలు. నేనొచ్చేదాకా తమరు కొత్తగా ఏమీ ఆలోచించనని మాటివ్వండి.”

రాజుగారు మళ్ళీ నవ్వి హారమూ ఇచ్చారు, సెలవూ ఇచ్చారు. మాట మాత్రం ఇవ్వలేదు.