భైరవభట్టు స్వర్గపు బంతిపూలు

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా నల్లగుట్ట రాజు బొల్లమరాజుకు ఒక సందేహం పట్టుకుంది.

"గట్ల మీద పూసే తంగేడు, గునుగు పూలకు పండుగపూట ఇంత మర్యాద ఎందుకు?" అని సభలో అడిగాడు.

ఆస్థాన పండితుడు భైరవభట్టు శాలువా సవరించుకుంటూ లేచాడు. చదువు తక్కువైనా ఆయనకు శాలువాలకు కొదవలేదు.

"అది పామరుల పొరపాటు ప్రభూ! పండుగకు అసలు పువ్వు బంతి. మా ముత్తాత బొందితో స్వర్గానికి వెళ్ళి ఇంద్రుడి తోట నుంచి తెచ్చాడు. ఆ దారి మా వంశానికే తెలుసు. ఏటా విత్తనాలు అక్కడి నుంచే తెస్తాం. ఆ పూలు నా తోటలో తప్ప ఎక్కడా లేవు!"

రాజు నోరు తెరుచుకుని విన్నాడు. ఈ ఏడు అందరూ భట్టు తోట బంతులతోనే బతుకమ్మను పేర్చాలని చాటింపు వేయించాడు.

ఇక భట్టు తోట వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. కాళ్ళకు మొక్కినవాళ్ళకే పూలు! ఒక ముసలమ్మ మాత్రం మొక్కలేదు.

"తంగేడు కోసుకోవడానికి ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. మా అమ్మమ్మల నాటి నుంచీ గౌరమ్మకు అదే పెట్టాం" అంది.

"మేకలు తినే పూలు!" అంటూ భట్టు ఆమె బుట్టను కాలితో తన్నాడు.

ఈ సంగతి తెలిసి రాణిగారి చెలికత్తె మైలమకు ఒళ్ళు మండింది.

పండుగ సాయంత్రం చప్పట్లు, పాటలు ముగిశాయి. నిలువెత్తు బంతిపూల బతుకమ్మను చెరువుకు ఎత్తబోతుంటే మైలమ అడ్డం వచ్చింది.

"ప్రభూ, నేల మీది పూలను నీళ్ళలో సాగనంపుతాం. స్వర్గం పూలను బురదలో కలిపితే ఇంద్రుడు ఊరుకుంటాడా?"

రాజు కంగారు పడ్డాడు. "మరేం చేద్దాం?"

"వచ్చిన దారినే పంపుదాం. దారి తెలిసిన భట్టుగారు ఇక్కడే ఉన్నారుగా! బొందితో వెళ్ళి అప్పగించి వస్తారు."

రాజు సరేనన్నాడు. భటులు బతుకమ్మను భట్టు నెత్తికెత్తారు. ఆయన మెడ భుజాల్లోకి దిగిపోయింది.

"ఎటు నుంచి ఎక్కుతారు అయ్యగారూ? కోట బురుజు మీది నుంచా, గుట్ట మీది నుంచా?" అని మైలమ వినయంగా అడిగింది.

"ఆ దారి... ఇప్పుడు మూసుకుపోయిందమ్మా!"

"అయ్యో! మరి ఈ ఏటి విత్తనాలు ఎటు నుంచి వచ్చాయి?"

భట్టు బరువుకు ఒక పక్కకు తూలాడు.

"సంతలో కొన్నాను తల్లీ! ముందు దీన్ని దించండి!"

ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. రాజు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే తన మెడలోని ముత్యాల హారం తీసి మైలమకు ఇచ్చాడు.