తీతువు తరఫున ఉడుము వాదించిన కేసు

ఈ కథ నమ్మేది లేదని ఒట్టు పెట్టుకుని వచ్చినవాళ్ళుంటే వెనకెక్కడో నక్కి కూర్చోకండి, ఇలా ముందు వరసలోకి రండి. దమ్ముంటే చివరిదాకా నమ్మకుండా ఉండి చూడండి.

నల్లమల అడవిలో వీరభద్రం అని ఓ ఉడుము ఉండేవాడు, వృత్తికి బారిస్టరు. అలాంటిలాంటి బారిస్టరు కాదు. వాదనకు గొంతు సవరించుకుంటే ఎదురుగా ఉన్న కొండ కాస్త వెనక్కి జరిగి చోటిచ్చేది. చీమలకు వానాకాలం సెలవు ఇప్పించింది ఆయనే. కోతులు కిచకిచలాడకూడదని పులిరాజు వేసిన ఉత్తర్వును కొట్టేయించి, ఆ పులిచేతనే "సరేలెండి" అనిపించిందీ ఆయనే. కొలువు పోయినవాళ్ళూ, సర్కారుతో తగువు పడ్డవాళ్ళూ ఆయన పుట్ట ముందు కొండ మలుపు దాకా బారులు తీరేవాళ్ళు.

ఒకరోజు తీతువుపిట్ట తిరుపాలమ్మ వచ్చి, పుట్టకు దూరంగా ఓ రాయి మీద వాలింది. మడుగు దగ్గర కావలి ఆమె ఉద్యోగం. ఏ కాస్త అలికిడైనా ఆమె కేక వేస్తుంది, నీళ్ళు తాగేవాళ్ళు ప్రాణాలు దక్కించుకుంటారు.

"బారిస్టరుగారూ, నా కొలువు తీసేశారు," అంది. "దివాను జంబులింగం ఉత్తర్వు వేశాడు. నేను గాలికి కూడా కేకలేసి అందరినీ బెదరగొడుతున్నానట. రేపు పొద్దు గుంకేలోగా మడుగు గట్టు ఖాళీ చేయాలట. అక్కడ గూడు పెట్టుకునే హక్కు కావలివాళ్ళకే కదండీ. పొదుగుతున్న గుడ్లను ఎత్తుకుని నేనెక్కడికి పోను?"

గుడ్లు అన్న మాట వినగానే వీరభద్రం నాలుక దానంతటదే బయటికొచ్చింది. దాన్ని మర్యాదగా లోపలికి లాక్కున్నాడు.

"నేను ఉడుమునమ్మా. తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చాను. పిలిచినవాళ్ళ కేసు మీరు కాదనరని అడవంతా చెప్పుకుంటారు."

"అది నిజం. ముందు పాము వస్తే పాముకి, ముంగిస వస్తే ముంగిసకి. నా ఆకలి వేరు, నా కేసు వేరు. పద, స్థలం చూద్దాం."

మడుగు దగ్గరికి వెళ్ళి ఆయన గట్టు మీద ఇలా కాలు మోపాడో లేదో, తిరుపాలమ్మ గుండెలదిరేలా అరిచి, పైనుంచి దూసుకొచ్చి నెత్తి మీద ఒక్కటిచ్చింది.

"అమ్మా, నేను నీ వకీలును."

"వకీలైనా ఉడుమే కదండీ. అవతలి గట్టు నుంచి మాట్లాడండి."

ఏం చేస్తాడు, ఈదుకుంటూ అవతలికి పోయాడు. ఆ మంతనాలు నీళ్ళ మీదుగా కేకలతోనే సాగాయి.

"తీసేసే ముందు దివాను నిన్ను అడిగాడా?"

"ఒక్క మాట అడగలేదు. ఆ రోజు గడ్డిలో పులి తోక కదలడం నేను కళ్ళారా..."

"పులి సంగతి వదిలెయ్. అది మన కేసు కాదు."

"మరి మన కేసేమిటండీ?"

"నిన్ను అడిగారా లేదా. అంతే."

అంత పెద్ద గొడవ అంత చిన్న ప్రశ్న ఎలా అయిందో తిరుపాలమ్మకు బోధపడలేదు. వీరభద్రం మాత్రం నెత్తి మీద గాటు తడుముకుంటూ తనలో తాను నవ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇప్పచెట్టు కింద కోర్టు కూడింది. న్యాయమూర్తి అడవిదున్న. విన్నదంతా నెమరు వేస్తేగానీ తీర్పు చెప్పడాయన. ఆమెను అడక్కుండానే తీసేశారని వీరభద్రం ఒక్క ముక్కలో చెప్పి కూర్చోగానే దివాను జంబులింగం తోక దులుపుకుని లేచాడు. నక్కే అయినా నడక మాత్రం ఏనుగుది.

"అడక్కుండా తీసేయడానికి నేనేమైనా మొరటువాణ్ణా, దొరా? నీ సంజాయిషీ ఏమిటని స్వయంగా అడిగాను. గుడ్ల మీద కూర్చుని నోరు మెదపలేదు. తప్పు ఒప్పుకున్నట్టే కదా."

వీరభద్రం చేతులు కట్టుకున్నాడు. "దివానుగారూ, తమరు పెద్ద హోదాలో ఉన్నవారు. ఆ బురదలో అడుగు పెడతారా? దూరం నుంచే ఏదో గొణిగి ఉంటారు. ఆమెకు వినపడి ఉండదు."

"గొణగడమా? గూటి దాకా వెళ్ళాను."

"గూటి దాకా అంటే, ఓ రాయి విసిరేంత దూరమా?"

"నా మీసం ఆమె రెక్కకు తగిలేంత దగ్గర. రెక్క కింద గుడ్ల మీది మచ్చలు కూడా చూశాను, చాలా?"

"చాలండి. అంత దగ్గరగా నిలబడితే ఆమె ఏం చేసింది?"

"తల వంచుకు కూర్చుంది."

"కిక్కురుమనలేదా?"

"లేదని చెప్పానుగా."

దున్న నెమరు ఆపాడు. ఆ దవడ ఆగడం అడవిలో ఎవరూ ఎరగరు. సెలయేరు కూడా ఏమైందోనని ఆగి చూసింది.

"దివానూ," అన్నాడు, "గాలికి కూడా కేకలేస్తుందని కదా నువ్వు ఆమెను తీసేసింది. నక్క మీసం తగిలితే ఊరుకుందా? ఈ వింత నేనూ చూడాలి. పద, అక్కడే నిలబడి చూపించు."

"దొరవారికి శ్రమ..."

"నాకేం శ్రమ లేదు. పద."

కోర్టు మొత్తం మడుగుకు తరలింది. జంబులింగం కాలీడ్చుకుంటూ గట్టెక్కాడు. గూడు ఇంకా అల్లంత దూరాన ఉండగానే తిరుపాలమ్మ లేచింది. ఆ కేకకు ఆకాశంలో మబ్బు బెదిరి తొందరపడి కురిసేసింది. జింకలు ఒక్క దూకుకు గుట్ట దాటాయి. న్యాయమూర్తే తోకెత్తి పరుగందుకున్నాడు, తీర్పు పరిగెత్తుతూనే చెప్పాడు.

"ఉత్తర్వు కొట్టేశాను. ఆమె కేక తప్పో ఒప్పో నేను చెప్పను. దివానూ, కావాలంటే మళ్ళీ వెళ్ళి సరిగ్గా అడుగు. ఆ గట్టు మీదే, ఆమె గూటి పక్కనే."

తిరుపాలమ్మ ముక్కు దెబ్బకు చెవి చిరిగిన జంబులింగం పొదలోంచి పలికాడు: "అడిగేదేం లేదు దొరా. కొలువులోనే ఉండనివ్వండి."

సాయంత్రం వీరభద్రం అభినందనలు అందుకుందామని గట్టెక్కాడు. నెత్తి మీద మొదటి గాటు పక్కనే రెండోది పడింది.

"కేసు గెలిచామమ్మా."

"గెలిచాం కాబట్టే డ్యూటీలో ఉన్నానండీ. ఆ మాటేదో అవతలి గట్టు నుంచి చెప్పండి."

ఒకరి కూడు తీసే ముందు వాళ్ళ మాట వినాలి. విన్నానని బొంకేవాడికి వాళ్ళ గొంతైనా తెలిసుండాలి.

ఏం, ఇంకా అనుమానమేనా? ఆ రోజు కోర్టంతా పారిపోతే కదలకుండా ఒడ్డునే ఉండి మొత్తం చూసినవాడు ఒకడున్నాడు. మడుగుకు వెళ్ళి అడగండి. తాబేలు, పేరు డిప్పల కూర్మయ్య.