ఈరమ్మ మాళిగ

ఇటు తిరుగు చిన్నీ, దుప్పటి కప్పుకో. నేలమాళిగంటే ఏంటని పొద్దున అడిగావుగా? చెప్తా, ఊఁ కొడుతూ విను.

అనగనగనగా, వాన మొహం చాటేసిన ఒక ఊళ్ళో సుంకులమ్మ అని ఒక కోడలుండేది. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. మూడేళ్ళు వరసగా వానల్లేవు. గడ్డి లేక ఆమె మొగుడు, ఉరుకుందు అని, ఎద్దుల్ని తోలుకుని ఏటి ఒడ్డు ఊళ్ళకి వెళ్ళిపోయాడు. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో సుంకులమ్మ, మంచంలో అత్త ఈరమ్మ, ఇద్దరే మిగిలారు.

ఈరమ్మకి పక్షవాతం వచ్చి కాళ్ళూ చేతులూ కదలవు. మాట కూడా పోయింది. తల ఎప్పుడూ వణుకుతూనే ఉండేది. అవునంటోందో కాదంటోందో ఎవరికీ తెలిసేది కాదు.

మృగశిర కార్తె దగ్గరపడింది. అప్పుడు కొండమీద నల్లమబ్బు కనిపించింది. ఊరంతా సంబరపడింది. ఆ తర్వాత అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. వానొస్తే విత్తడానికి ఊళ్ళో గింజ లేదు! ఆకలికి విత్తనం జొన్నలు కూడా ఎప్పుడో వండుకు తినేశారు.

సుంకులమ్మ అత్తకి గంజి తాగిస్తూ, "వానొచ్చేట్టుంది అత్తా, ఏం విత్తేది?" అంది.

ఈరమ్మ బలమంతా కూడదీసుకుంది. పెదవులు వంకర్లు పోయాయి. నుదుటి మీద చెమట పట్టింది. "మా... మాళిగ" అంది. ఆ తర్వాత ఏం అడిగినా అదే మాట. "మాళిగ."

సుంకులమ్మ ఊరిపెద్ద తిమ్మన్న దగ్గరికి పరిగెత్తింది. "మాళిగంటే ఏంది పెద్దయ్యా? ఏం విత్తేదంటే మా అత్త ఆ మాటే అంటా ఉంది."

"నేలకింద కట్టిన గదమ్మా. నేలమాళిగ అంటాం. చదువుకున్నోళ్ళు భూగృహం అంటారు. మన పాతకోటలో ఒకటుంది" అన్నాడు తిమ్మన్న.

అప్పుడు ఊరు ఊరంతా పారలు పట్టుకుని కోటకి పోయింది. మెట్లు దిగి చూస్తే గబ్బిలాలు, కూలిన రాళ్ళు. గింజ లేదు.

ఆ తర్వాత గొర్రెలు కాసే ముసలాయన ఒకడు, "కొండకింద సొరంగముంది, అదేనేమో" అన్నాడు. ఈసారి సగం మందే వచ్చారు. మోకాళ్ళమీద పాక్కుంటూ చివరిదాకా పోయారు. నాలుగు ముళ్ళపంది ముళ్ళు దొరికాయి. గింజ లేదు.

"రోగంలో ఏదో పలవరిస్తా ఉందమ్మా. ఇంక వదిలెయ్" అన్నాడు తిమ్మన్న.

"పలవరింత కాదు పెద్దయ్యా. ఆ ఒక్కమాట బయటికి తేవడానికి మా అత్త ఎంత అల్లాడిందో నేను చూసినా" అంది సుంకులమ్మ.

గుమ్మంలో కూర్చుని ఆలోచించింది. మాళిగంటే ఏందని మా ఊరోళ్ళని అడిగితిని. అత్త పుట్టింది ఈ ఊళ్ళో కాదే! ఆమె చిన్నప్పుడు నేర్చిన మాటకి అర్థం వేరేమో!

తెల్లారగానే అత్తని పక్కింటామెకి అప్పజెప్పి, మూడు ఎండిన వంకలు దాటి, అత్త పుట్టినూరికి నడిచింది. అక్కడ ఈరమ్మ చిన్ననాటి నేస్తం గిడ్డమ్మవ్వ ఉంది. సుంకులమ్మ అడగ్గానే ఆ అవ్వ బోసినోటితో నవ్వింది.

"మాళిగంటే పాతర బిడ్డా! నేలలో నిలువుగా గుంత తీసి, చుట్టూ చొప్ప పేర్చి, జొన్నలు పోసి, పైన బండ మూస్తామే, అది. మీకు పాతర, మాకు మాళిగ. నీ పెండ్లికి ముందు మీ మామ మా ఊరోళ్ళని పిలిపించి ఒకటి తీయించుకున్నాడు. కరువులో విత్తనం కూడా తినేస్తారని కన్నకొడుక్కి సైతం చెప్పలేదంట. యాడ తీయించినాడో నాకు తెలీదు."

సుంకులమ్మ లేచింది. అవ్వ చెయ్యి పట్టి ఆపింది. "మూత తీయగానే దిగొద్దు బిడ్డా. లోపల ఊపిరాడదు. ముందు దీపం దించి చూడు."

ఇంటికి రాగానే సుంకులమ్మ రోకలి తీసుకుంది. పెరట్లో నేల దంచింది, దబ్ మంది. వాకిట్లో దంచింది, దబ్ మంది. అప్పుడు ఖాళీ పశువుల కొట్టంలోకి పోయి మూల మూలా దంచింది. ఒకచోట డుమ్మంది!

పార పట్టి తవ్వితే బండ తగిలింది. ఊరోళ్ళంతా వచ్చి పడ్డారు. బండ జరిపి లాంతరు దించితే ఠపీమని ఆరిపోయింది. "ఎవురూ దిగొద్దు" అంది సుంకులమ్మ. మర్నాడు దించితే దీపం నిలిచింది. అప్పుడు తాడు పట్టుకుని తనే దిగింది. అంచుల్లో జొన్నలు నల్లబడి ఉన్నాయి. నడిమధ్య చెయ్యి పెడితే పొడిగా, చల్లగా, గుప్పెడు నిండా మంచి గింజలు!

తిమ్మన్న ఒక గింజ కొరికి చూశాడు. "ఇన్నేళ్ళ గింజ మొలుస్తుందా అమ్మా? పిల్లోళ్ళు ఆకలి మీదున్నారు. వండుకుందాం."

సుంకులమ్మకీ ఆకలే. పొద్దుటినుంచీ నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. అయినా పాతర మూతిమీద బండ జరిపి, దానిమీద కూర్చుంది. "మూడు దినాలు ఆగండి పెద్దయ్యా. మొలవకపోతే నేనే వండిపెడతా."

గుప్పెడు జొన్నలు తడిగుడ్డలో మూటకట్టింది. ఒక దినం గడిచింది, ఏమీ లేదు. రెండోదినం గింజ ఉబ్బింది, అంతే. మూడోదినం పొద్దున మూట విప్పింది. గింజగింజకీ తెల్లటి మొలక!

అప్పుడు తిమ్మన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "మేం తొందరపడితిమి తల్లీ" అన్నాడు. సుంకులమ్మ పాతర మీది బండ తీయించింది. ఇంటింటికీ విత్తనం కొలిచి ఇచ్చింది. కబురందుకుని ఉరుకుందు ఎద్దులతో తిరిగొచ్చాడు.

విత్తేరోజు అత్తని మంచంతో సహా చేనిగట్టుకి మోయించింది. మొదటి గుప్పెడు అత్త చేతిలో పెట్టి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుని, ఇద్దరూ కలిసి చల్లారు. చివరి సాలు పడుతుండగా టప్ మని ఒక చినుకు, ఆ తర్వాత పది, ఆ తర్వాత ధారలు.

"ముసలామె తడిసిపోతా ఉంది, మంచమెత్తండి!" అని అందరూ అరిచారు.

సుంకులమ్మ అత్త మొహంలోకి చూసింది. ఈరమ్మ కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, చిన్నపిల్లలా వాననీళ్ళు తాగుతోంది.

"ఉండనీండి" అంది సుంకులమ్మ. "ఇంకొంచేపు ఉండనీండి."

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మనింటి తలుపు తట్టింది.