ఖైదీ దేవత

రాజుల కన్ను పొరుగు దీవులమీద పడే రోజుల్లో, ఒకానొక రేవు రాజ్యాన్ని సమరకేసరి ఏలుతుండేవాడు. ఆయన ఓ దీవిని జయించి, అక్కడి దేవత విగ్రహాన్ని ఓడలో వేసుకొచ్చి కోట వాకిట ఖైదు పెట్టాడు. అంతటితో ఊరుకోక తన కులదైవాన్ని ఆ దీవికి పంపి, మొక్కనివాళ్లకు కొరడా దెబ్బలని చాటించాడు.

ఏడాది తిరిగేసరికి దీవిలో రాజుగారి దేవుడి దగ్గర భటులు తప్ప నరమానవుడు లేడు. ఇక్కడేమో ఖైదీ దేవత దగ్గర జనం తండోపతండాలు! కొబ్బరికాయలు, ముడుపులు, పొర్లుదండాలు.

రాజుకు ఒళ్లు మండింది. దేవతకు దండ వేస్తూ కంటబడిన పూలమ్మే నూకాలుకు దేశబహిష్కారం విధించాడు.

ఆస్థాన విదూషకుడు బొప్పనకు కడుపు తరుక్కుపోయింది. ఆ ముసలావిడ ఊరి పొలిమేర దాటి ఎరగదు. ఏ దేశం పట్టుకుపోతుంది?

"మహారాజా, ఈ పూజ మొదలుపెట్టింది నూకాలు కాదు" అన్నాడు.

"మరెవరు? చూపించు, వాణ్ణే ఓడెక్కిస్తాను. చూపించలేకపోయావో, ఆమెతోపాటు నువ్వూ ఎక్కుతావు!"

బొప్పన కోట వాకిటి కావలి భటుణ్ణి పిలిపించాడు.

"తెల్లవారగానే ఏం చేస్తావయ్యా?"

"కావలి మారిందని నగారా కొడతాం బాబూ. దుమ్ము పట్టకుండా నీళ్లు పోసి కడుగుతాం."

"మధ్యాహ్నం?"

"రాజఖైదీ గదా, పళ్లెంలో అన్నం పెడతాం. తినేటప్పుడు దిష్టి తగలకుండా తెర వేస్తాం."

"పొద్దుగూకితే?"

"పారిపోకుండా దీపం పెట్టి, తలుపు మూస్తాం."

"ఇవన్నీ ఎవరు చెయ్యమన్నారు?"

భటుడు బిక్కమొహం వేసి సింహాసనం వైపు చూశాడు. "ప్రభువులవారి ఆజ్ఞే గదా బాబూ!"

సభలో ఎవరూ నవ్వే సాహసం చేయలేదు. బొప్పన మాత్రం చేతులు కట్టుకుని, "మేలుకొలుపు, అభిషేకం, నైవేద్యం, దీపారాధన. మొదలుపెట్టినవారిని చూపించాను ప్రభూ. ఓడ సిద్ధం చేయించమంటారా?" అన్నాడు.

రాజు మొహం కందగడ్డ అయింది. "సరే, ఆమెను వదిలేస్తాను. ఈ మొక్కులు ఆగే దారేదో చెప్పు."

"చాలా తేలిక. దీవిలో చేసిందే ఇక్కడా చేయండి. ఈ దేవతకు మొక్కనివాళ్లకు కొరడా దెబ్బలని చాటించండి. నెల తిరక్కుండా వాకిట్లో మన భటులు ఈగలు తోలుకుంటారు."

సమరకేసరి కాసేపు గుడ్లురిమి చూసి, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి బొప్పన మెడలో వేశాడు. దీవిలోని కొరడాలన్నిటినీ వెనక్కి రప్పించాడు.

అవి ఓడెక్కిన మర్నాడే, ఆ దీవి ముసలమ్మ ఒకామె రాజుగారి దేవుడి ముందు ఇంత అన్నం పెట్టి, "పాపం, పరదేశివి. ఇన్నాళ్లూ ఆ కొరడాలవాళ్లు మమ్మల్ని మనసారా నిన్ను పలకరించనివ్వలేదు నాయనా" అందట.