చుట్ట మానేసిన రాజుగారి తీర్పు

పూర్వం ఏటి ఒడ్డున నందికోన అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణధీరవర్మకు తన తెలివి మీద అపారమైన నమ్మకం. చుట్ట మీద అంతకంటే ఎక్కువ ప్రేమ. పొద్దున కళ్లు తెరిచింది మొదలు పక్క మీద వాలేదాకా ఆయన నోట్లో చుట్ట ఆరేది కాదు.

దగ్గు ముదిరి ఊపిరి అందకపోయేసరికి, చుట్ట మానమని రాజవైద్యుడు వేడుకున్నాడు. మొదట కొన్నాళ్లు మనసు నిలవదని, ఓర్చుకోవాలని కూడా హెచ్చరించాడు. మనసు నిలవకపోవడం సామాన్యులకే గానీ తనబోటివాడికి కాదని రాజుగారు సభలో ప్రకటించి, ఆ రోజే చుట్టలన్నీ ఏట్లో పారేయించారు.

మాట తప్పలేదు. కానీ నిద్ర పట్టడం మానేసింది. చీటికిమాటికి కోపం. ఎవరైనా విన్నపం మొదలుపెడితే, చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయేవారు. పైగా, ఈమధ్య సభలో అందరూ తికమకగా మాట్లాడుతున్నారని విసుక్కునేవారు.

ముసలి దివాను సోమన్న రాజుగారి ఆజ్ఞ ప్రకారమే ఊరికి పడమర కాలువ తవ్విస్తున్నాడు. రాజుగారు ఆ ఆజ్ఞ ఇచ్చిన సంగతే మరిచారు. తనను అడక్కుండా తవ్వించాడని మండిపడి, దివాను రాజ్యం విడిచిపోవాలని తీర్పు చెప్పారు. నిజం చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సేనాపతి ఎక్కడినుంచో ఒక చుట్ట తెచ్చి, ఆస్థాన విదూషకుడు తిప్పరాజు చేతిలో రహస్యంగా పెట్టాడు. రాజుగారి చేత ఒక్క దమ్ము లాగిస్తే అన్నీ సర్దుకుంటాయని అతని ఆలోచన. తిప్పరాజు దాన్ని నలిపి పారేశాడు. దివానును కాపాడడానికి రాజుగారి ఊపిరి తీయలేనన్నాడు.

తర్వాత నేరుగా సభకు వెళ్లి రాజుగారికి దండం పెట్టాడు.

"ఏలినవారికి ఒక చిన్న కథ చెబుతాను. విన్నాక నేనడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే, దివానుగారి వెంట నేనూ రాజ్యం విడిచిపోతాను. చెప్పలేకపోతే ఆయన శిక్ష కొన్నాళ్లు ఆపించండి."

కథ వినడం కూడా ఒక పరీక్షేనా అని రాజుగారు మీసం దువ్వుకుని సరేనన్నారు.

"ఒక వర్తకుడు జబ్బుపడ్డ తమ్ముణ్ణి చూడడానికి బయల్దేరాడు. ఖాళీ బండి ఎందుకని సరుకు వేసుకున్నాడు. లంక పొగాకు, ప్రభూ. బాగా పదునెక్కిన ఆకు. మూట విప్పితే వీధంతా ఘాటు."

రాజుగారి కళ్లు అరమూతలు పడ్డాయి. రెండు వేళ్లు వాటంతటవే పెదవుల దగ్గరికి వెళ్లాయి. బండి వాగు దాటడం, ఇరుసు విరగడం అన్నీ తిప్పరాజు తాపీగా చెప్పుకొచ్చాడు. అప్పుడు అడిగాడు.

"ఇంతకీ ఆ వర్తకుడు ఎందుకు బయల్దేరాడు ప్రభూ?"

రాజుగారు గుటక వేశారు. "పొగాకు అమ్మడానికి."

సభలో తలలన్నీ వంగిపోయాయి. తమ్ముడి సంగతి తిప్పరాజు మెల్లగా గుర్తుచేశాడు. ఆ మాట నువ్వు చెప్పనే లేదని రాజుగారు గద్దించారు గానీ, వంచిన తల ఒక్కరూ ఎత్తలేదు. అది చూసి ఆయన గొంతు తగ్గింది.

"అయితే కాలువ తవ్వించమని నేనే చెప్పానా?"

"అందరం విన్నాం ప్రభూ."

"నా తెలివి పోయిందా, తిప్పరాజూ?"

"ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లూ పొగకు అలవాటుపడ్డ మెదడు, అది అందక అలిగింది. కొన్ని వారాల్లో దానంతటదే దారికొస్తుందని వైద్యులవారు అంటున్నారు. అందాకా చుట్ట ముట్టకండి, తీర్పులూ చెప్పకండి."

రాజుగారు దివానును పిలిపించి, చేతులు పట్టుకుని క్షమించమన్నారు. తర్వాత మెడలోని ముత్యాలహారం తీసి, తిప్పరాజుకు ఇవ్వబోతూ ఆగారు.

"ఇదీ మనసు కుదుటపడ్డాకే ఆలోచించాలేమో."

"వద్దు ప్రభూ. బహుమతులు ఇవ్వడానికి ఈ మతిమరుపే మేలు. ఇచ్చిన సంగతి మరిచిపోయి రేపు మళ్లీ ఇస్తారు."

రాజుగారు పగలబడి నవ్వుతూ హారం అతని మెడలో వేశారు. చుట్ట మానాక ఆయన నవ్వడం అదే మొదలు.